పోలీసాయన్ని చేసుకుంటే వీధిలో ఎలా నెగ్గుకురావాలి

అద్దె ఇంటి దగ్గరే మొదలవుతుంది చెల్లీ, అందుకే అక్కణ్నించే చెప్తాను. విజయనగరంలో టులెట్ బోర్డు చూసి గేటు తీస్తే ఓనరమ్మ ముందు మనవాళ్లెవరో ఆరా తీస్తుంది, తర్వాత "మీ ఆయన ఏటి చేస్తారమ్మా?" అంటుంది. కానిస్టేబుల్ అనగానే "అయ్యో, నిన్ననే ఒకరొచ్చి అడ్వాన్సు ఇచ్చేసి ఎల్లారమ్మా" అంటుంది. బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడుతుంది.

ఆవిడ భయాలు ఆవిడకున్నాయి. పోలీసోడు అద్దె సరిగ్గా ఇవ్వడు, ఖాళీ చెయ్యమంటే కదలడు, గట్టిగా అడిగితే కేసంటాడు. ఎవరో ఎప్పుడో అలా చేసే ఉంటారు. ఆ బాకీ మన నెత్తిన పడింది, తీర్చాలి. ఉద్యోగం దాచి 'గవర్నమెంటు జాబు' అని సరిపెట్టకు. మొదటి నైట్ డ్యూటీకి ఆయన బెల్టు బిగించి బయల్దేరగానే బయటపడుతుంది, ఇక నీ మాటకి విలువుండదు. నువ్వే ముందు చెప్పు. స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుందామని నువ్వే అడుగు. ఖాళీ చెయ్యాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో అందులో రాయించు. జీతం పడ్డ రోజే అద్దె ఫోన్‌పే కొట్టు. ఇంకోటి, ఇల్లు చూడ్డానికి ఆయన్ని యూనిఫాంలో తీసుకెళ్లకు. "డ్యూటీ దిగి దారిలో అలా చూసేద్దాం" అంటాడు, ఒప్పుకోకు. ఖాకీలో వచ్చి ఇల్లడిగితే ఓనరుకి అది అడిగినట్టుండదు.

నేను టెక్కలి వైపు పిల్లని. పెళ్లయి ఇక్కడికొచ్చినప్పుడు మా ఆయన కానిస్టేబుల్, ఇప్పుడు హెడ్డు. ఇంట్లో జాకెట్లు కుడతాను, కాబట్టి వీధిలో ఆడాళ్ల కొలతలతో పాటు వాళ్ల కోపాలు కూడా నా దగ్గరుంటాయి. క్వార్టర్సులో ఉంటే ఈ గొడవ లేదు కదా అంటావేమో. క్వార్టర్సు అందరికీ దొరకవు. దొరికినా ఆ గోడల మధ్య పోలీసుల ఊసు పోలీసులతోనే సరిపోతుంది, బయట జనం మనల్ని ఏమనుకుంటున్నారో చెవిన పడదు. నన్నడిగితే వీధిలో ఉండడమే మేలు.

ఖాకీ వీధి వైపు ఆరెయ్యకు

చిన్న విషయంలా ఉంటుంది గానీ, గేటు పక్క తీగ మీద ఖాకీ చొక్కా వేలాడుతుంటే వచ్చేపోయేవాళ్లకి రోజూ హెచ్చరిక చదివి వినిపించినట్టే. వెనకవైపు ఆరెయ్యి. బండి మీద 'పోలీస్' అని రాయించడం కూడా వద్దు. ఆ బండి మీద నువ్వు కూరగాయలకెళ్తావు, ఆయన తమ్ముడు హెల్మెట్ లేకుండా సెంటర్లో తిరుగుతాడు. ట్రాఫిక్‌లో ఆపిన హోంగార్డు ఆ అక్షరాలు చూసి పొమ్మంటాడు. పక్కన చలానా కడుతున్న ఆటో అతను అంతా చూస్తూనే ఉంటాడు. తెల్లారేసరికి ఆ కథ ఆటో స్టాండు దాటి మీ వీధికొచ్చేస్తుంది.

బజారులో

రైతుబజారులో ఎవరూ పట్టించుకోరు. చిక్కంతా వీధిలో బండి తోసుకొచ్చే వాళ్లతో, సందు చివర చేపలమ్మే వాళ్లతో. "మీ దగ్గర డబ్బులేటి మేడంగారూ, ఉండనీండి" అంటారు. అది మర్యాద అనుకున్నావా, భయం. నువ్వు మలుపు తిరగ్గానే "మామూలు పట్టుకెళ్లింది" అంటారు, ఆ మాట తప్పు కూడా కాదు. చిల్లర వదిలెయ్యకు, అప్పు పెట్టకు, కొసరు అడగకు.

నా పద్ధతి చెప్తాను. క్యూఆర్ కోడ్ ఉన్న కొట్లోనే కొంటాను. స్కాన్ చేసి కట్టగానే ఆ డబ్బా "నూట నలభై రూపాయలు అందాయి" అని వీధంతా వినపడేలా అరుస్తుంది. దానికంటే మంచి సాక్షి లేదు. మా చేపలతను మొదట్లో నన్ను చూసి డబ్బా ఆపేసేవాడు, మేడంగారి పరువెందుకని. "ఆన్ చెయ్ బాబూ, అరవనీ" అనేదాన్ని. ఇప్పుడు నన్ను చూస్తే సౌండు పెంచుతాడు, కాస్త వెటకారం కూడా ఉందేమో. ఉండనీ.

సాయం అడిగేవాళ్లు

పోలీసుల్ని అందరికంటే ఎక్కువ తిట్టేవాళ్లే ముందుగా మీ గేటు దగ్గరికొస్తారు. "వదినా, అన్నయ్యకి చెప్పి ఆ చలానా తీయించెయ్యవా?" ఫొటోతో సహా ఆన్‌లైన్లోకి ఎక్కేసిన చలానాని హెడ్డు కాదు కదా, వాడి తాత కూడా చెరపలేడని మొహమాటం లేకుండా చెప్పెయ్యి. "చూస్తాను" అనకు. చూస్తానంటే అయిపోయిందని అర్థం చేసుకుంటారు, కాకపోతే మళ్లీ తిట్టేది నిన్నే.

పాస్‌పోర్టు వెరిఫికేషన్ వచ్చిందంటే ఎంతివ్వాలని అడుగుతారు. పైసా ఇవ్వక్కర్లేదు, ఆధార్, పుట్టిన తేదీ కాగితం, చిరునామా కాగితం దగ్గర పెట్టుకోండని చెప్పు. ఎవరైనా డబ్బులడిగితే లంచాల కేసులు చూసే ఏసీబీ వాళ్ల నంబరు 1064 ఉందని కూడా చెప్పు. నేను మొదటిసారి ఈ మాట అన్నప్పుడు మా ఆయన రెండు రోజులు మొహం గంటు పెట్టుకున్నాడు. "నువ్వు తీసుకోవు కదా, నీకెందుకు మంట?" అన్నాను. దానికి జవాబు రాలేదు.

కడుపు మండి వచ్చినవాళ్లు

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు, మిగతావి మర్చిపోయినా ఫర్లేదు.

కొళాయి దగ్గర "పోలీసోళ్లంతా దొంగనాయాళ్లు" అనే గొంతుల్లో రెండు రకాలుంటాయి. ఊసుపోక అనేవాళ్లది నువ్వు వినపడనట్టు బిందె ఎత్తుకుంటే అక్కడితో సరి. రెండో రకం గొంతు వేరేగా ఉంటుంది, విన్నావంటే తెలిసిపోతుంది. మా వెనకవీధి అప్ప ఒకావిడ పొద్దున్నే మా గేటు దగ్గరికొచ్చి జుట్టు విరబోసుకుని శాపనార్థాలు పెట్టింది. వాళ్ల గుంటణ్ని గంజాయి కేసులో ఎవరి కోసమో వెతుకుతూ ఒక స్టేషనుకి పట్టుకెళ్లారు. రాత్రంతా ఉంచి, వీడు కాదని తేలాక వదిలేశారు. అరికాళ్లు వాచిపోయి, చెప్పుల్లో పట్టడం లేదు. గంజాయి మన్యం నుంచి, ఒడిశా నుంచి ఈ దార్లోనే దిగుతుంది, పట్టుకోమని కింది వాళ్ల మీద పైనుంచి ఒత్తిడి ఉంటుంది, నిజమే. కానీ ఆ ఒత్తిడి సంగతి ఆ తల్లికి చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది?

అలాంటప్పుడు "ఏదో చేసే ఉంటాడు" అన్నావంటే జన్మలో ఆ వీధి నిన్ను క్షమించదు, క్షమించకూడదు కూడా. "మా ఆయన ఆ స్టేషను కాదు" అనడం కూడా వద్దు. కుర్చీ వెయ్యి, మంచినీళ్లివ్వు, చివరిదాకా తిట్టనివ్వు. "మా ఆయనతో మాట్లాడిస్తాను" అని మాటివ్వకు. తర్వాత, ఆవిడ వినే స్థితిలో ఉంటే, దారి చెప్పు. దారి ఇది.

ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, మెట్ల మీంచి పడ్డాడని కాకుండా స్టేషన్లో కొట్టారనే డాక్టరుకి చెప్పి రాయించాలి. దెబ్బలు ఫొటోలు తియ్యాలి. జరిగింది తేదీ, వేళతో సహా కాగితం మీద పెట్టి ఎస్పీ ఆఫీసులో ఇవ్వాలి. సోమవారాలు అర్జీలు తీసుకుంటారు, రసీదు లేకుండా కదలకూడదు. స్టేషన్లన్నిట్లో సీసీ కెమెరాలుండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది, కాబట్టి ఆ రాత్రి ఫుటేజీ భద్రపరచమని అర్జీలోనే అడగాలి, ఆలస్యం చేస్తే చెరిగిపోయిందంటారు. లాయరుకి డబ్బుల్లేకపోతే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఫోనైతే 15100. మానవ హక్కుల కమిషన్‌కి కూడా రాయొచ్చు.

అరెస్టే చేసి ఉంటే 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, దారి ప్రయాణం లెక్కలోకి రాదు. కొట్టారా అని మేజిస్ట్రేటు అడిగినప్పుడు పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ని చూసి తల అడ్డంగా ఊపేస్తారు పిల్లలు, అక్కడే నోరు విప్పాలి. సాక్ష్యం కోసమైతే ఆడమనిషిని స్టేషనుకి రమ్మనకూడదు, ఇంటికొచ్చే అడగాలి. ఇది చాలామందికి తెలీదు. పొలంలోంచి పరిగెత్తుకొచ్చి స్టేషను వరండాలో సాయంత్రందాకా కూర్చుంటారు.

పోలీసు పెళ్లామై ఉండి పోలీసుల మీద అర్జీ ఎలా పెట్టాలో చెప్తావా అని మా వాళ్లలోనే కొందరన్నారు. చెప్తాను. ఆ దారులు ఉన్నాయని తెలియనివాళ్లే రాళ్లు పట్టుకుంటారు. ఆ అప్ప ఇప్పటికీ నాతో మాట్లాడదు. అది ఆవిడ ఇష్టం. నువ్వు కూడా దారి చెప్పావని కృతజ్ఞత కోసం చూడకు.

ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకో: వీధిలో విన్నది ఆయనకి పేర్లతో చెప్పకు, ఆయన కేసుల ఊసు నువ్వడగకు. ఎవరింట్లో ఏం జరుగుతోందో మీ నోటి నుంచి స్టేషనుకి చేరుతోందని ఒక్కసారి అనుమానమొస్తే నీ దగ్గర జాకెట్టు కుట్టించుకునేవాళ్లు కూడా ఉండరు.

ఊళ్లకెళ్లినప్పుడు

మా పుట్టింటి వైపు పెళ్లికెళ్తే నేను మరీ ఒళ్లు దగ్గరపెట్టుకుంటాను. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి మాకు దగ్గరే. అక్కడ 2011 ఫిబ్రవరి 28న థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. అంతకు ముందేడాది జూలై 14న సోంపేట బీల, అంటే చిత్తడి నేలల దగ్గర కూడా అదే జరిగింది. మనుషులు పోయారు. సోంపేటలో ఆ ప్లాంటు రానే లేదు. పోయినవాళ్ల ఇళ్లలో ఫొటోలు మాత్రం దండలతో ఉన్నాయి. ఆ వైపు విందులో కూర్చున్నప్పుడు పక్కనున్న ముసలాయన "మీ ఆయన పోలీసంట" అని ఊరుకున్నాడంటే ఆ ఊరుకోవడంలో చాలా ఉంటుంది. "పైనుంచి ఆర్డరు" అనే మాట అక్కడ ఎత్తకు, వాళ్లు వెయ్యిసార్లు విన్నారు. "ఔను తాతా" అను, అన్నం తిను, వడ్డించడానికి లే.

పార్వతీపురం వైపు కొండ ఊళ్లలో ఇది ఇంకా పాతది. ఆ ప్రాంతం 2022 నుంచి మన్యం జిల్లాలో ఉంది గానీ మాకు అది శ్రీకాకుళం, విజయనగరాల ఊసే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. తర్వాత కొండలన్నీ పోలీసు క్యాంపులే. 1970 జూలైలో ఆ గిరిజన పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసు కాల్పుల్లో చనిపోయాక కూడా ఆ భయం తరాలు దిగింది. ఆయనకి ఆ వైపు పోస్టింగు పడితే నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, ఎవర్నీ ప్రత్యేకంగా దగ్గరకి తియ్యకు. నీకు పాలు పోసే మనిషిని, నీతో నవ్వుతూ మాట్లాడే పిల్లని "పోలీసోళ్ల మనిషి" అంటారు. ఒకప్పుడు ఆ వైపు ఆ మాట ప్రాణాల మీదకొచ్చేది. చీపురు కొన్నా, చింతపండు కొన్నా సంతలో అందరి ముందే కొను.

మనల్ని వెనకేసుకొచ్చేవాళ్లు

ఈ "పోలీసోళ్ల మనిషి" బాధ పట్నంలోనూ ఉంది. మనకి ఇల్లిచ్చిన ఓనరమ్మని కూడా అంటారు. వార్డు సచివాలయంలో మహిళా పోలీసుగా చేసే అమ్మాయికి లాఠీ లేదు, అధికారం లేదు, తిట్లు మాత్రం ఎస్సై వాటా కూడా కలిపి తింటుంది. ఒక గొడవలో నిజం చూసి సాక్ష్యమిచ్చిన మా వీధి ఆటో అతన్ని స్టాండులో సీరియల్‌లోకి రానివ్వలేదు కొన్నాళ్లు. అలాంటి మనిషికి సాయం చెయ్యాలంటే మీ ఆయన్ని యూనిఫాంలో ఆ స్టాండుకి పంపకు, అది చేసే చేటు ఇంకేదీ చెయ్యదు. అతని ఆటోలోనే వెళ్లు, కిరాయి ఇచ్చి దిగు. నిజంగా బెదిరింపులుంటే సాక్షుల రక్షణ పథకం ఉంది, 2018 నుంచి అమల్లో ఉంది. జిల్లా జడ్జి గారు పెద్దగా ఉన్న కమిటీకి అర్జీ పెట్టుకోమను.

బెదిరింపు మీ మీదకే వస్తే

రాయి పడినా, గేటు మీద బూతులు రాసినా ముందు ఫొటో తీసి 112కి ఫోన్ చెయ్యి. ఆయనకి తర్వాత చెప్పు, లేకపోతే ఊగిపోతూ వచ్చి నలుగురి ముందు ఎవడో కుర్రాడి కాలరు పట్టుకుంటాడు, అప్పుడు ఫొటో తీసేది వాళ్లు. డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీద దాడి చేస్తే భారతీయ న్యాయ సంహితలో 132 సెక్షను ఉంది, రెండేళ్లదాకా శిక్ష. అది డ్యూటీకి సంబంధించినది. పార్కింగు దగ్గర పక్కింటాయనతో జరిగిన తగువుకి ఆ సెక్షను పెట్టించావంటే వీధి మొత్తాన్ని ఎదురు చేసుకున్నట్టే. అందరిలాగే కాగితం రాసి ఇవ్వు, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకో. వీలైతే ఆయన పనిచేసే స్టేషన్లో వద్దు, ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి.

ఊరంతా రగిలినప్పుడు సంగతి వేరు. 2013 అక్టోబరులో రాష్ట్రాన్ని విడదీస్తున్నారని ఇక్కడ మంటలు రేగి కర్ఫ్యూ పెట్టారు. రాళ్లేసిన కుర్రాళ్లు సమైక్యాంధ్ర వాళ్లే, రాళ్లు తిన్న కానిస్టేబుళ్లు కూడా ఇంట్లో టీవీ చూస్తూ విడిపోకూడదు అనుకున్నవాళ్లే. ఆ రోజుల్లో బండి లోపల పెట్టు, మేడెక్కి వీడియోలు తియ్యకు, ఆయన ఏ సెంటర్లో ఉన్నాడో ఎవరికీ చెప్పకు, వాట్సాప్ స్టేటస్‌లో అసలు పెట్టకు. సడలించిన గంటల్లో పాలు కాస్త ఎక్కువ తెచ్చిపెట్టుకో. చంటిపిల్లలున్న ఇల్లు ప్రతి వీధిలో ఉంటుంది, నిన్న ఆయన్ని తిట్టిన ఇల్లే కావొచ్చు.

వీధి గ్రూపులో పోలీసుల్ని తిడుతూ వీడియో వస్తే జవాబు రాయకు. అది అబద్ధమని నీకు తెలిసినా రాయకు, ఆ జవాబు డిపార్టుమెంటు రాయాలి. పిల్లల్ని మాత్రం గట్టిగా పట్టుకో. బళ్లో తగువొస్తే "మా నాన్న పోలీసు, జైల్లో పెట్టించేస్తాడు" అంటారు. మావాడు రెండో తరగతిలో అన్నాడు. వెళ్లి ఆ పిల్లాడికి సారీ చెప్పేదాకా ఇంట్లో కార్టూన్లు లేవు.

డ్యూటీ దిగొచ్చాక

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అంటే ఊరికి పండగ, మనకి బందోబస్తు. దసరా తర్వాత మంగళవారం, గుడి నుంచి కోటదాకా సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది. లక్షల్లో జనం, ఆయనేమో తాడు పట్టుకుని తెల్లారుజాము నుంచి నిలబడి ఉంటాడు. తల్లి దర్శనానికొచ్చిన జనం తాడు దగ్గర తోసుకుని, ఆపినందుకు అమ్మనాబూతులు తిడతారు. ఆయన వీపు మాను వైపు, మొహం జనం వైపు, కాబట్టి అమ్మవారి మానుని కూడా చూడడు. ఇంటికొచ్చాక "ఎలా జరిగింది?" అని అడగకు. ఉప్పేసిన వేణ్నీళ్లు బకెట్లో పెట్టు, కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు, తిన్నాక తనే చెప్తాడు.

కానీ చెల్లీ, రోజంతా జనం మీద చూపించలేకపోయిన కోపం నీ మీదో, పిల్లల మీదో చెయ్యిగా దిగితే మాత్రం అలసట అని సర్దుకోకు. యూనిఫాం ఎంత బరువైనా గుమ్మం దగ్గర దించాల్సిందే. 181కి ఫోన్ చెయ్యడానికి పోలీసు పెళ్లానికి కూడా హక్కుంది. ఆయన పైవాళ్లకి చెప్పడానికీ ఉంది. పరువు పోతుందని మీ అత్తగారంటే, పోతే ఆయనది పోతుందని చెప్పు.

వీక్లీ ఆఫ్ 2019 జూన్‌లో ఇచ్చారు గానీ స్టేషన్లో మనుషులు తక్కువైతే ముందు ఎగిరిపోయేది అదే. దొరికిన రోజు నిద్రకి సగం వదిలెయ్యి. మిగతా సగం లుంగీతోనో, నిక్కరుతోనో సంచి చేతికిచ్చి వీధిలోకి పంపు. వంకాయల బేరం ఆయనకి రాదు, పుచ్చులు తెస్తాడు. కొట్టువాడు మోసం చేశాడని కూడా తెలుసుకోలేడు. అయినా పంపు. మా ఆయన్ని అలా పంపిన వారం మా వీధిలో అందరూ "ఏం హెడ్డుగారూ, మళ్లీ పుచ్చులేనా?" అనే పలకరించారు.